నా బొమ్మ గురించి రాయమంటే మా అబ్బాయి ఏదో రాసిచ్చాడక్కా

ప్రశ్న: అక్కా నమస్తే. మాది శ్రీకాళహస్తి, 19 ఏళ్ల నుంచి కలంకారీ వేస్తున్నా. హైదరాబాద్‌లో ఎగ్జిబిషన్‌కి మీ పని గురించి ఒక పేజీ రాసి పంపండి అన్నారు. మా అబ్బాయి ఫోన్‌లో చూసి "మూడు వేల ఏళ్ల మహోన్నత కళకు జీవితాన్ని అంకితం చేసి, పూర్తిగా సహజ రంగులతో" అని రాసిచ్చాడు. బానే ఉంది గానీ చదువుతుంటే ఎవరి గురించో అనిపిస్తోంది. నిజానికి ఎరుపుకి నేను వాడేది అలిజరిన్ పొడి, అంటే ఫ్యాక్టరీలో చేసిన రంగు. సగం బొమ్మలు మా మామగారి ట్రేసింగులే, ఆయన ఇక్కడి ట్రైనింగ్ సెంటర్లో నేర్చుకున్నారు. రంగులు నింపడానికి ఇద్దరు ఆడవాళ్ళు వస్తారు. పోయిన వానాకాలం గుడ్డ సరిగ్గా ఎండకముందే గీత మొదలుపెట్టి, జటాయువు రెక్క మీద కసిం, అదే మా నల్లరంగు, చుక్క పడేసుకున్నా, దాన్నే ఇంకో ఈకగా దిద్దేశా. ఇవన్నీ రాస్తే పరువు పోదా?

జవాబు: చెల్లీ, నువ్వు నాకు రాసిన ఉత్తరం మీ అబ్బాయి రాసిన పేజీ కన్నా పదింతలు బాగుంది, చూసుకున్నావా?

ముందు నా సంగతి చెప్తా. నా మొదటి నీటిరంగుల ఎగ్జిబిషన్ బ్రోచర్లో "ప్రకృతి ఆత్మను ఆవిష్కరించే చిత్రాలు" అని రాసుకున్నా. ఒక పెద్దాయన వచ్చి ఒక బొమ్మ ముందు చాలాసేపు నిలబడి "ఈ చెరువు ఎక్కడిదమ్మా" అని అడిగారు. నోట మాట రాలేదు, ఎందుకంటే అది క్యాలెండర్ ఫొటో చూసి వేసింది. ఆ మాట చెప్పేస్తే సరిపోయేది, నేనేమో మా అమ్మమ్మగారి ఊరిదని కోసేశా, ఏ ఊరని ఆయన మళ్ళీ అడిగారు. ఇంక చెప్పను లే.

ఇప్పుడు నీ పేజీ. మూడు వేల ఏళ్లు కొట్టెయ్. కలంకారీ అన్న పేరే పారసీ నుంచి వచ్చింది, మనవాళ్ళు వ్రాతపని అనేవాళ్ళు. మీ ఊళ్ళో ఈ పని దాదాపు ఆగిపోయే దశలో ఉంటే 1950ల చివర్లో, చేతిపనులు నిలబెట్టడానికి పాటుపడ్డ కమలాదేవి ఛటోపాధ్యాయ గారి చొరవతో ట్రైనింగ్ సెంటర్ పెట్టారు కదా, మీ మామగారు నేర్చుకుంది అక్కడే అయితే నీ పని మొదలు అక్కడుంది, ఆ ముక్క రాయి. ట్రేసింగ్ ఆయనది అని రాస్తే నీకు తక్కువేం కాదు, ఆయన గీతలో నువ్వు ఏం మార్చావో కూడా చెప్పు, ఏమీ మార్చకపోతే అదీ చెప్పు.

అలిజరిన్ గురించి అంత సిగ్గెందుకు? పాతకాలంలో ఎరుపుకి వాడిన చిరివేరు అనే మొక్క వేరులో ఉండేదీ అలిజరినే, 1869 కల్లా దాన్ని ఫ్యాక్టరీలో చేసే దారి జర్మనీ వాళ్ళు కనిపెట్టేశారు. పొడి వాడడం తప్పు కాదు, వాడుతూ "పూర్తిగా సహజ రంగులు" అని రాసి ఆ మాట మీద రేటు పెంచడం తప్పు. నలుపు కసింది, పసుపు కరక్కాయ పువ్వుది, ఎరుపు అలిజరిన్‌ది అని ఒక్క లైన్ చాలు. ఆ ఇద్దరు ఆడవాళ్ళని అడిగి, వాళ్ళు సరే అంటే పేర్లు వెయ్యి. పేర్లు వద్దంటే "నాతో పాటు ఇంకో ఇద్దరు" అని అయినా ఉండాలి.

అసలైంది జటాయువు. అదే పైన పెట్టు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ తడిగా ఉండడం, బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము ఊరేసిన కసిం వెదురు కలం నుంచి జారడం, ఆ చుక్క చూస్తూ చూస్తూ నల్లబడడం, కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఇనుము పడ్డాక ఉతికితే పోదని నీకు తెలుసు కాబట్టి గుడ్డ పారేయాలా ఈక గీయాలా అని ఆగిపోవడం, ఎంతసేపు ఆగావో, ఇంట్లో ఎవరు ఏమన్నారో, అన్నీ. చూసేవాళ్ళు కచ్చితంగా వెళ్ళి ఆ ఈక వెతుక్కుంటారు చూడు.

రాయడం రాకపోతే మీ అక్కకో వదినకో ఫోన్ చేసి ఈ కథ చెప్తూ రికార్డ్ చేసుకో, తర్వాత విని అవే మాటలు కాగితం మీద పెట్టు. "అంకితం", "మహోన్నతం" లాంటివి మనం ఫోన్లో అనం కాబట్టి వాటంతటవే పోతాయి. కసిం ఎన్నాళ్ళు ఊరేస్తారు, బెల్లం ఎంత, ఆ పాళ్ళు రాయాల్సిన పన్లేదు, ఇంటి గుట్టు దాచుకోవడం అబద్ధం కాదు.

వాళ్ళు ఇంగ్లీషులో కావాలంటే ముందు తెలుగులో నువ్వు రాసి ఆ తర్వాతే మీ అబ్బాయికివ్వు, మార్చాక నీకు మళ్ళీ తెలుగులో చదివి వినిపించమను. అన్నట్టు ఆ జటాయువు అమ్ముడుపోయే లోపు ఈక దగ్గర్నుంచి ఒక ఫొటో తీసి పెట్టుకో.