మేనేజర్ అవుతానంటున్నాడు, చదువు ఆపేయనివ్వాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరం. పాటలు పాడే స్నేహితుడికి ప్రోగ్రాములు మాట్లాడిపెడుతుంటాడు. ఇప్పుడు చదువు ఆపేసి ఆర్టిస్టులకు మేనేజర్ అవుతానని, తర్వాత నిర్మాతనవుతానని పట్టుబడుతున్నాడు. మాకు ఒకటే టెన్షన్. అసలు ఇదొక ఉద్యోగమేనా?

జవాబు: ఉద్యోగమేనమ్మా, కాకపోతే నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే రకం కాదు. మేనేజర్‌కు దక్కేది ఆర్టిస్టు సంపాదనలో కమీషన్, మామూలుగా 10 నుంచి 20 శాతం దాకా. ఆర్టిస్టుకు పని లేని నెలలో మేనేజర్‌కూ రాబడి ఉండదు. చదువు ఆపడానికి మాత్రం నేను ఒప్పుకోను. అకౌంట్లు, పన్నులు, బిజినెస్ లా ఈ పనిలో రోజూ అక్కరకొచ్చేవే.

మీవాడు మేనేజర్, నిర్మాత అని ఒక్క ఊపులో అంటున్నాడు గానీ, ఆ ఇద్దరూ బల్లకు చెరోవైపు కూర్చునేవాళ్లు. ఆర్టిస్టు పారితోషికం పెంచమని మేనేజర్ అడుగుతాడు. బడ్జెట్ దాటకూడదని నిర్మాత తగ్గించమంటాడు. రెండూ చేసినవాళ్లు లేకపోలేదు. అమెరికాలో జెర్రీ వైన్‌ట్రాబ్ గాయకుడు జాన్ డెన్వర్‌కు మేనేజర్‌గా ఉన్నాడు, 1970లో ఎల్విస్ ప్రెస్లీ కచేరీ పర్యటన నిర్వహించాడు. ఆ తర్వాతే సినిమాల్లోకి వచ్చి 1984లో ‘ది కరాటే కిడ్’, 2001లో ‘ఓషన్స్ ఇలెవన్’ తీశాడు. మధ్యలో 1987లో పెట్టిన సొంత కంపెనీ 1990కల్లా దివాలా తీసింది. అంత అనుభవం, అన్ని పరిచయాలు ఉన్నవాడి కంపెనీకే ఆ గతి పట్టింది. అందుకే నిర్మాణం మాట ఇప్పుడప్పుడే వద్దంటాను.

మీవాడు బాగా తెలుసుకోవలసిన మనిషి బ్రయాన్ ఎప్‌స్టీన్. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో తమ కుటుంబ దుకాణంలో రికార్డులు అమ్మేవాడు. 1961లో బీటిల్స్ అనే పాటల బృందం పాట విని, ఆ కుర్రాళ్లను నమ్మి మేనేజర్ అయ్యాడు. 1962లో డెక్కా అనే రికార్డు కంపెనీ వాళ్లను కాదంది. అయినా వదలకుండా తిరిగి అదే ఏడాది పార్లోఫోన్ అనే మరో రికార్డు సంస్థలో రికార్డింగ్ ఒప్పందం కుదిర్చాడు. ఆర్టిస్టు మీద అంత ప్రేమ ఉన్న మేనేజర్లు అరుదు. కానీ బీటిల్స్ పేరుతో బొమ్మలు, విగ్గులు అమ్ముకునే హక్కులిచ్చిన మొదటి ఒప్పందంలో 90 శాతం బయటి కంపెనీకి పోయింది, వీళ్ల వైపు మిగిలింది 10 శాతమే. ఆ సరుకు ఎంత అమ్ముడుపోతుందో ముందే లెక్కగట్టుకోకపోవడం వల్ల చాలా పెద్ద మొత్తం చేజారింది. నాకు ఈ వృత్తిలో అన్నిటికంటే భయం కలిగించేది ఇదే. మంచి మనసున్న మేనేజర్ పెట్టిన సంతకానికి కూడా నష్టపోయేది ఆర్టిస్టే.

కాబట్టి స్నేహితుడితోనే మొదలుపెట్టమనండి. నోటిమాట చాలదు, ఒప్పందం కాగితం మీద ఉండాలి. కమీషన్ మొత్తం సొమ్ము మీదా, ఖర్చులు పోను మిగిలినదాని మీదా? ఒప్పందం ఎన్నాళ్లు? విడిపోయాక పాత ఒప్పందాల మీద కమీషన్ ఎంతకాలం వస్తుంది? గొడవలు చాలావరకు ఈ చివరి ప్రశ్న దగ్గరే పుడతాయి. ఆర్టిస్టు డబ్బు తన సొంత ఖాతాలో కలవనివ్వకూడదు. స్నేహితుడు ఆ కాగితాన్ని వేరే లాయర్‌కు చూపించుకుంటానంటే సంతోషంగా ఒప్పుకోవాలి. అవకాశం ఇప్పిస్తానని ముందుగా ఫీజు అడిగే అలవాటు అసలే వద్దు.

దేశాన్ని బట్టి నియమాలు కూడా మారతాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో అవకాశాలు కుదిర్చేవాళ్లకు ఏజెంటు లైసెన్సు ఉండాలి. లేనివాళ్లు ఆ పని చేస్తే ఒప్పందమే చెల్లకుండా పోవచ్చు.

డిగ్రీ అయ్యాక ఈవెంట్ కంపెనీలోనో, టాలెంట్ ఏజెన్సీలోనో, మ్యూజిక్ లేబుల్‌లోనో అడుగు స్థాయిలో చేరడం మంచిది. నిర్మాణ సంస్థలో అకౌంట్స్ విభాగం దొరికితే ఇంకా మంచిది, సినిమాకు డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో అక్కడే కనిపిస్తుంది. ఈలోగా స్నేహితుడికి వచ్చిన ప్రతి ప్రోగ్రాము వివరాలు తేదీలతో సహా ఒక పుస్తకంలో రాయమనండి: ఎవరిచ్చారు, ఎంత ఇచ్చారు, ఎంత ఖర్చయింది. ఇంటర్వ్యూకు సర్టిఫికెట్లతో పాటు దాన్నీ తీసుకెళ్లవచ్చు.