డాక్టరమ్మకు ఉత్తరాలు: బోదకాలు

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మేము చెన్నై విల్లివాక్కంలో ఉంటాం. మా అత్తగారిది భీమవరం దగ్గర పల్లె, వయసు 63. ఎడమకాలికి ఇరవై ఏళ్లుగా బోదకాలు. మామగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. రెండు నెలలకోసారి గజ్జల్లో బిళ్ల కట్టి చలిజ్వరం వస్తుంది, కాలు ఎర్రబడి సలుపుతుంది. జ్వరం తగ్గాక చూస్తే కాలు ఇంకాస్త లావెక్కి ఉంటుంది. రాత్రిపూట రక్తం తీసి చూసి పురుగు లేదన్నారు. పురుగే లేకపోతే కాలు ఎందుకు తగ్గదు? ఇంకో మాట. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. ఎవరైనా వస్తే అత్తగారు గదిలోంచి బయటికి రావడం లేదు. ఇది వంశపారంపర్యమా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మీ ఆఖరి ప్రశ్న. కాదమ్మా. బోదకాలు రక్తసంబంధంతో రాదు, ముట్టుకుంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు. దోమ ద్వారానే వస్తుంది. ఈసారి సంబంధం వాళ్లు వచ్చినప్పుడు ఆవిడను హాల్లో మంచి కుర్చీలో కూర్చోబెట్టండి. మాది నరసాపురం వైపు. మా నాయనమ్మకు కుడికాలు ఇలాగే ఉండేది. మా చిన్న మేనత్త పెళ్లిచూపుల రోజు ఆవిడ పెరట్లో గడ్డివాము వెనక కూర్చుంది. ఆవిడకు అన్నం పట్టుకెళ్లింది నేనే, అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. కన్నకూతురి పెళ్లిచూపులకు తల్లి అలా దాక్కోవాల్సి రావడం నేను ఇప్పటికీ మరచిపోలేదు. మీ ఇంట్లో అది జరగనివ్వకండి.

ఇక కాలు సంగతి. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగులు సన్నటి దారప్పోగుల్లా ఉంటాయి. మన ఒంట్లో రక్తనాళాలతో పాటు లింఫ్ నాళాలని ఉంటాయి. ఒంట్లో అక్కడక్కడా ఊరే నీటిని తిరిగి రక్తంలోకి చేర్చేది అవే. పెద్ద పురుగులు వాటిలో కాపురం పెట్టి ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి. ఈలోగా నాళాలు సాగి, వాటి కవాటాలు పాడైపోతాయి. పురుగు చచ్చినా నాళం బాగుపడదు. మీ అత్తగారికైతే ఒక్క మాటలో అర్థమవుతుంది: పంటబోదె పూడిపోతే నీరు చేలోనే నిలిచిపోతుంది కదా, అదే. అందుకే రక్తంలో ఏమీ కనిపించకపోయినా కాలు అలాగే ఉంటుంది.

ఈ పురుగుల పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, రాత్రి పది నుంచి రెండు మధ్య ఎక్కువగా పైరక్తంలోకి వస్తాయి. దోమ కుట్టే వేళ అదే. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు రాత్రి పదింటికి ఇక్కడి చెన్నై వ్యాసర్‌పాడి సందుల్లో తలుపులు కొట్టి, నిద్రమత్తులో ఉన్నవాళ్ల వేలికి సూది గుచ్చి గాజుపలక మీద రక్తం తీసేవాళ్లం. కాలు వాచినవాళ్ల పలకల్లో చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. పక్కనే ఏ వాపూ లేని కుర్రాడి పలకలో పురుగులు మెలికలు తిరుగుతూ కనిపించేవి. రోగం కనిపించే మనిషి వేరు, రోగాన్ని పంచే మనిషి వేరు అని నాకు మొదట తెలిసింది అక్కడే.

మరి ఆ చలిజ్వరాలు ఎందుకంటే, అవి చాలావరకు పురుగు వల్ల కాదు. కాలివేళ్ల సందులు నాని, తెల్లబడి, పగులుతాయి. ఆ పగుళ్లలోంచి బ్యాక్టీరియా లోపలికి పోతుంది. నీరు నిలిచిన కాలు దానితో పోరాడలేదు. ఒక్కో జ్వరం మిగిలిన నాళాలను ఇంకాస్త చెడగొడుతుంది. 1990లలో కేరళలోని అలప్పుళ వైద్య కళాశాల ఆసుపత్రిలో రోగులను గుంపులు చేసి కొందరికి పెన్సిలిన్, కొందరికి ఫైలేరియా మాత్ర డీఈసీ, కొందరికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. కాలు కడుక్కోవడం, సంరక్షించుకోవడం మాత్రం అందరికీ నేర్పారు. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లతో సహా అన్ని గుంపుల్లోనూ జ్వరాలు తగ్గాయి. బ్రెజిల్‌లోని రెసిఫీ నగరంలో డాక్టర్ జెరూసా డ్రేయర్ కూడా సబ్బు, నీళ్లతోనే వందలమంది కాళ్లను కాపాడారు.

కాబట్టి మీ అత్తగారికి రోజుకు రెండుసార్లు కాలు కడగండి. మామూలు నీళ్లు, మామూలు ఒంటిసబ్బు చాలు. వేడినీళ్లు వద్దు, బ్రష్ వద్దు. ముడతల్లోనూ ప్రతి వేలి సందులోనూ వేలు పెట్టి మెల్లగా కడగాలి. ఆ తర్వాత పాత నూలుగుడ్డతో అద్ది ఆరబెట్టాలి. రుద్దకూడదు. అందరూ అశ్రద్ధ చేసేది ఈ ఆరబెట్టడమే, అసలు పనంతా ఇందులోనే ఉంది. సందుల్లో తెల్లగా ఉంటే డాక్టరు రాసిన ఫంగస్ క్రీము రాయండి. మంచం కాళ్లవైపు కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి. కూర్చున్నప్పుడు కాలు ఇంకో కుర్చీ మీద ఉండాలి. మడమ పైకీ కిందకీ ఆడిస్తూ ఉండమనండి. వానాకాలంలో మన వీధుల్లో నీళ్లు నిలిచినప్పుడు అందులో దిగనివ్వకండి. జ్వరం వచ్చిన రోజున ఆ వ్యాయామం ఆపేసి, కాలికి బిగుతు కట్టు ఉంటే అదీ తీసేసి, తడిగుడ్డ వేసి, వెంటనే డాక్టరుకు చూపించండి. యాంటీబయాటిక్ అవసరమవుతుంది. పసరు కట్లు, గాట్లు పెట్టించడం అసలు వద్దు.

డాక్సీసైక్లిన్ అనే మాత్రతో కాలు తగ్గుతుందని ఎవరైనా చెప్పవచ్చు. ఈ పురుగు లోపల వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉంటుంది. ఆ మాత్ర దాన్ని చంపితే పురుగు నీరసించి పోతుంది. ఘానాలో మొదట చేసిన పరిశోధనలో వాపు కూడా కొంత తగ్గిందన్నారు. తర్వాత మన దేశంలోనూ, శ్రీలంక, మాలీల్లోనూ జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో కాలు శుభ్రంగా ఉంచుకోవడం కన్నా అదనపు మేలు కనిపించలేదు. దానికోసం డబ్బు పోసి తిరగకండి.

ప్రశ్న: నేను షోలింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, మాది శ్రీకాకుళం జిల్లా. ఊళ్లో ఆశా కార్యకర్త వచ్చి ఇంట్లో అందరినీ బోదకాలు మాత్రలు మింగమంటోంది. మా నాన్నకు ఏ జబ్బూ లేదు. పక్కింటాయనకు మింగిన రాత్రే జ్వరం వచ్చిందట. మింగమని చెప్పనా, వద్దనా?

జవాబు: మింగమనే చెప్పు బాబూ. వ్యాసర్‌పాడి కుర్రాడి సంగతి పైన రాశాను. అతనికీ ఏ జబ్బూ లేదు. ఊరంతా ఏడాదికొకసారి మింగితే రక్తంలో పిల్లపురుగులు ఉండవు, దోమకు మోసుకెళ్లడానికి ఏమీ దొరకదు. పెద్ద పురుగు ఏళ్ల తరబడి బతుకుతుంది కనుకే ఏటేటా మింగాలి. పక్కింటాయనకు వచ్చిన జ్వరం రక్తంలో పురుగులు చచ్చినప్పుడు వచ్చేదే అయివుంటుంది. అలా అయితే ఆయనకే ఆ మాత్ర ఎక్కువ అవసరం. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే చూపించుకోవాలి. గర్భిణులకూ రెండేళ్లలోపు పిల్లలకూ తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లకూ ఇవ్వరు. ఖాళీకడుపున మింగకూడదు.

కొన్ని జిల్లాల్లో రెండు మందులిస్తారు, కొన్నింట్లో మూడు. పపువా న్యూగినీలో చేసిన పరీక్షలో మూడు మందులూ ఒక్కసారి మింగిన 57 మందిలో 55 మందికి ఏడాది తర్వాత కూడా రక్తంలో పిల్లపురుగులు లేవు. రెండే మింగిన 56 మందిలో అలా ఉన్నది 18 మందే. మన దేశంలో మూడు మందుల పద్ధతి 2018లో బీహార్‌లోని అర్వల్ జిల్లాలో మొదలైంది.

ఇంకో సంగతి మీ నాన్నగారికి చెప్పు. ఆ మాత్రల్లో డీఈసీని 1947లో లోకానికి అందించిన పరిశోధన బృందానికి నాయకుడు మన తెలుగువాడే, యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టి, ఇక్కడి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరుకు కోపం వచ్చి, పూర్తి డిగ్రీ దక్కక చిన్న డిప్లొమాతో బయటపడ్డారు. తర్వాత అమెరికా వెళ్లి లెడర్లే ప్రయోగశాలలో ఈ పని చేశారు. ఆయన పుట్టిన గోదావరి డెల్టాలో ఎన్నో ఇళ్లలో ఉన్న జబ్బుకే ఆయన ప్రయోగశాల మందు కనిపెట్టింది. ఆశా కార్యకర్త చేతిలో ఆ మాత్ర చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

ప్రశ్న: పెరంబూరులో మా అపార్ట్‌మెంట్‌లో దోమలు విపరీతం. ఒక్క కాటుతో బోదకాలు వచ్చేస్తుందా?

జవాబు: ఒక్క కాటుతో రాదు. నెలల తరబడి, పురుగు మోసే దోమలు పదేపదే కుట్టాలి. అయినా ఇది మోసే క్యూలెక్స్ దోమ మురికినీటిలో పుడుతుంది. మీ సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం పైకెక్కి చూడండి. దాని మూతికి దోమతెర లేకపోతే దోమలు అక్కడి నుంచే వస్తుంటాయి. గజం నైలాన్ జాలీ, ఒక తీగ తెచ్చి ఈ ఆదివారమే బిగించండి. ట్యాంకు మూత పగిలి ఉంటే సిమెంటు పూయించండి.