పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: పడిన ట్రాక్ బండి కొనవచ్చునా?

ప్రశ్న: నేను నెల్లూరులో ఉద్యోగం చేస్తున్నాను. చెన్నై దగ్గర జరిగే ట్రాక్ డేలకు (మామూలు రైడర్లు రుసుము కట్టి రేస్ ట్రాక్ మీద బండి నడిపే రోజులకు) వెళ్లి బండి నడపడం నేర్చుకోవాలని ఉంది. తెలిసినవారి ద్వారా 2017 మోడల్ కె.టి.ఎం. ఆర్.సి. 390 ఒకటి అమ్మకానికి ఉన్నదని తెలిసింది. హెడ్‌లైటు, ఇండికేటర్లు తీసివేసి ఫైబర్ ఫెయిరింగ్ (బండిని కప్పే పై తొడుగు) బిగించారు. ట్రాక్ మీద ఒకసారి పడిందని అమ్మే ఆయనే చెప్పారు. అలాంటి బండి కొనవచ్చునా? ఏమేమి చూసుకోవాలి?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: పడని ట్రాక్ బండి దొరకడం చాలా అరుదు. అమ్మే ఆయన ఆ మాట తానే చెప్పడం మంచి లక్షణమే. ఇక మీరు తెలుసుకోవలసింది అది ఎలా పడిందన్న సంగతి. మలుపులో చక్రం జారి పక్కకు ఒరిగి, తారు మీద కొంత దూరం జారి ఆగిపోయిన బండికి ఫెయిరింగ్, హ్యాండిల్ చివర, ఫుట్‌రెస్టు, బ్రేకు లీవరు వంటివి అరిగిపోతాయి. అవన్నీ మార్చుకోగలిగిన సామాన్లే. అదే బండి ట్రాక్ దాటి మట్టిలోకి పోయి పల్టీలు కొట్టి ఉంటే దెబ్బ చాసిస్‌కో, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులకో తగిలి ఉంటుంది, పైన కొత్త ఫైబర్ బిగిస్తే అది కంటికి కనబడదు. అందుకే ఫెయిరింగ్ విప్పకుండా చూపిస్తామంటే ఆ బేరం అక్కడితో వదిలివేయండి.

విప్పిన తరువాత మొట్టమొదట హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, ఆపైన పూర్తిగా కుడికి తిప్పి, అది ఎక్కడ తగిలి ఆగుతున్నదో టార్చిలైటు వేసి చూడండి. చాసిస్ మెడ దగ్గర హ్యాండిల్‌ను ఆపే చిన్న ముక్క ఒకటి ఉంటుంది. బండి గట్టిగా పడినప్పుడు హ్యాండిల్ ఒక్కసారిగా చివరిదాకా తిరిగి ఆ ముక్కను గుద్దుతుంది. అది నొక్కుకుపోయినా, విరిగినా, దాని మీద కొత్త వెల్డింగో చుట్టుపక్కల లేని తాజా పెయింటో కనబడినా అది చిన్నగా పడిన బండి కాదని నిశ్చయించుకోవచ్చు. అక్కడే మెడ చుట్టూ, ఇంజిన్ బిగించే బోల్టుల దగ్గర పెయింటు సన్నని గీతలుగా పగిలి ఉన్నదేమో కూడా చూడాలి, ఎందుకంటే ఇనుము వంగినప్పుడు ముందుగా పగిలేది దాని పైనున్న పెయింటే.

తరువాతది ముందు ఫోర్కుల వంతు. ముందు చక్రాన్ని గాలిలోకి లేపి, యాక్సిల్ నట్టూ పించ్ బోల్టులూ వదులు చేసి, యాక్సిల్‌ను చేత్తో బయటికి లాగమని మెకానిక్‌తో చెప్పండి. ఫోర్కులు తిన్నగా ఉంటే అది సాఫీగా జారి వస్తుంది. సుత్తితో కొడితే గాని రాకపోతే అవి మెలి తిరిగి ఉండవచ్చు. చక్రం తిరిగి బిగించాక హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి చూడండి. సరిగ్గా మధ్యలో ఎక్కడో చిన్నగా పట్టినట్టు అనిపిస్తే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయిందని అర్థం. దాన్ని మార్చడం పెద్ద ఖర్చు కాదు గాని, ఆ మేరకు ధర తగ్గించి అడగవచ్చు. రెండు చక్రాలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడడానికి, వెనక టైరుకు రెండు పక్కలా దారం ఆనించి, బిగువుగా ముందు టైరు దాకా లాగండి. టైర్ల వెడల్పులో ఉన్న తేడా రెండు వైపులా సమానంగా కనబడాలి. అలా లేకపోతే ముందుగా చైన్ అడ్జస్టర్ల గుర్తులు రెండు వైపులా ఒకటిగా ఉన్నాయేమో చూసుకోండి. గుర్తులు సరిగ్గానే ఉండి కూడా తేడా వస్తున్నదంటే వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌ను గాని చాసిస్‌ను గాని అనుమానించాలి.

ఇంజిన్ విషయంలో మీటరు మీద కిలోమీటర్లు చూసి మోసపోవద్దు. ట్రాక్ మీద తిరిగిన వెయ్యి కిలోమీటర్లు రోడ్డు మీద తిరిగిన వెయ్యితో సమానం కావు, అక్కడ ఇంజిన్ ఎప్పుడూ ఎర్రగీతకు దగ్గరగానే తిరుగుతూ ఉంటుంది. ఆయిల్ ఎన్ని ట్రాక్ డేలకు ఒకసారి మార్చారు, వాల్వ్ క్లియరెన్స్ (ఇంజిన్ వాల్వుల దగ్గర ఉండవలసిన సన్నని ఖాళీ) చివరిసారి ఎప్పుడు చూశారు అని అడగండి, బిల్లులుంటే చూపమనండి. మీరు వెళ్లే సమయానికి బండి స్టార్టు చేసి ఉంచవద్దని ముందే చెప్పి, వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉన్నదో లేదో చూసుకోండి, చల్లని ఇంజిన్ చెప్పే నిజం వేడి ఇంజిన్ చెప్పదు. ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు చిన్న రంధ్రం వేసి సన్నని తీగతో కట్టి ఉంటే నాకు ఆ యజమాని మీద గౌరవం కలుగుతుంది. ఆ బోల్టు ఊడి ట్రాక్ మీద ఆయిల్ పడితే వెనక వచ్చేవారు పడిపోతారని ఆలోచించిన మనిషి మిగిలిన పనులు కూడా శ్రద్ధగానే చేయించి ఉంటాడు.

బ్రేకు డిస్కు మీద దాని కనీస మందం మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది, కొలిచి చూడండి. టైరు పక్కన ఉండే నాలుగు అంకెలలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందన్న మాట. పదేపదే వేడెక్కి చల్లారిన పాత టైరులో గీతలు ఎంత లోతుగా ఉన్నా రబ్బరు బిరుసెక్కి పట్టు పోతుంది. కాబట్టి కొత్త టైర్ల ఖర్చు కలుపుకునే బేరం ఆడండి.

అడగకపోయినా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. నేర్చుకునేవారికి ఆర్.సి. 390 కన్నా యమహా ఆర్15 మేలని నా గట్టి అభిప్రాయం, 2018లో వచ్చిన మూడవ తరం 155 సి.సి. బండి అయితే మరీ మంచిది. బలమైన బండి మీద మలుపులో చేసిన తప్పును తరువాతి సూటిదారిలో యాక్సిలరేటర్ తిప్పి కప్పిపుచ్చుకోవచ్చు, తప్పు మాత్రం అలాగే మిగిలిపోతుంది. చిన్న బండి మీద ఆ వీలు ఉండదు గనుక మలుపులో వేగం నిలబెట్టుకోవడం తప్పనిసరిగా వస్తుంది. పైగా టైర్లు, బ్రేకు ప్యాడ్లు, చైన్ స్ప్రాకెట్ తక్కువ ధరకు దొరుకుతాయి, ఎక్కువ కాలం వస్తాయి. చేతిలో ఉన్న సొమ్ములో సగానికి మించి బండికి పెట్టవద్దు. లెదర్ సూటు, బూట్లు, చేతి తొడుగులు, టైర్లు, ట్రాక్ రుసుము, రవాణా అన్నీ కలిసేసరికి తడిసి మోపెడవుతుంది.

ప్రశ్న: ట్రాక్ మీద మాత్రమే నడిపే బండికి కాగితాలు ఎందుకని అమ్మేవారు అంటున్నారు. ఆర్.సి. (రిజిస్ట్రేషన్ కాగితం) లేదు గాని ధర చాలా తక్కువ. కొనవచ్చునా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కొనవద్దు. దొంగిలించిన బండి హెడ్‌లైటు తీసి ట్రాక్ బండిగా మార్చి అమ్మడం కష్టమేమీ కాదు. మీరు తెలియక కొన్నా పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికే. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్.సి.తో పోల్చి, ప్రభుత్వ వాహన వివరాల వెబ్‌సైటు పరివాహన్‌లో కూడా సరిచూడండి. అప్పు మీద కొన్న బండి అయితే ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే ఫారం 35, పేరు మార్పుకు ఫారం 29, 30, తమిళనాడు నుంచో కర్ణాటక నుంచో తెచ్చుకుంటే ఫారం 28 మీద ఎన్.ఓ.సి. తీసుకోవాలి. ప్రమాదంలో పూర్తిగా దెబ్బతిన్నదని ఇన్సూరెన్సు కంపెనీ వదిలేసిన బండ్లు కూడా ఈ దారిలోనే ట్రాక్‌కు చేరుతుంటాయి, కనుక క్లెయిముల సంగతి అడిగి తెలుసుకోండి.

ఇన్సూరెన్సు ఉన్నది కదా అని ట్రాక్ మీద ధైర్యపడవద్దు. మన దేశపు మోటారు పాలసీలలో పోటీలకు, వేగ పరీక్షలకు వాడిన బండికి రక్షణ వర్తించదని రాసి ఉంటుంది. పడితే బాగుచేయించుకునే ఖర్చు పూర్తిగా మీదే అనుకుని వెళ్లండి. ఆరోగ్య బీమా సంగతి వేరు. అందులోని మినహాయింపు సాధారణంగా వృత్తిగా పోటీలలో పాల్గొనేవారిని ఉద్దేశించినది. అయినా ట్రాక్ డేలో జరిగిన గాయానికి చెల్లిస్తారా అని మీ కంపెనీని ముందుగానే అడిగి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ప్రశ్న: నేను హైదరాబాదులో ఉంటాను. ఆరేళ్లుగా ఆర్15 నడుపుతున్నాను. మొదటిసారి ట్రాక్ డేకు పేరు ఇచ్చాను. మలుపులో మోకాలు నేలకు తాకించడం ఎలా నేర్చుకోవాలి? ఆడవాళ్లం తక్కువ మందిమి ఉంటామేమో, వెనక నుంచి వేగంగా వచ్చేవాళ్లను చూసి కంగారు పడతానేమో అని భయంగా ఉంది.
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: ముందుగా మీ భయం సంగతి చూద్దాం. ట్రాక్ డే పోటీ కాదు. అనుభవాన్ని బట్టి గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపును పదిహేను ఇరవై నిమిషాల చొప్పున వదులుతారు. ఉదయం జరిగే రైడర్ల సమావేశంలో దాటిపోయే నియమాలు చెబుతారు, కొత్తవారి గుంపులో సాధారణంగా మలుపులో దాటనివ్వరు. అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటి గుర్తు పెట్టుకోండి: సురక్షితంగా దాటే బాధ్యత వెనక వచ్చేవారిదే. మీరు అద్దాల కోసం వెతకనక్కర లేదు, అసలు అద్దాలు తీసివేయిస్తారు. వెనక శబ్దం వినబడగానే దారి ఇవ్వాలని పక్కకు తప్పుకోవడమే ప్రమాదం. మీ దారిలో మీరు నిలకడగా వెళ్లండి. ఈ విషయంలో ఆడా మగా తేడా ఏమీ లేదు.

జెండాలను కంఠతా పట్టండి. పసుపు జెండా కనబడితే ముందు ప్రమాదం ఉన్నదని, దాటరాదని అర్థం. పసుపు, ఎరుపు చారలది కనబడితే ట్రాక్ మీద ఆయిలో మరొకటో పడి జారుడుగా ఉంది. ఎర్ర జెండా ఊపితే సెషన్ ఆపివేశారు, చెయ్యి ఎత్తి వెనకవారికి తెలిపి, మెల్లగా బండ్లు ఆపుకునే చోటైన పిట్‌కు రావాలి. గళ్ల జెండా పడితే సెషన్ ముగిసింది.

ఇక మోకాలు. దాన్ని పూర్తిగా మరచిపోండి. మోకాలు నేలకు తాకడం సరైన వేగం, సరైన దారి, సరైన కూర్చునే తీరు కలిసినప్పుడు దానంతట అది వచ్చే ఫలితం. దాని కోసం వంగేవారు బండిని అవసరానికి మించి వాల్చి పడుతున్నారు. మొదటి రోజంతా చూపు మీదే పని చేయండి. మలుపులోకి తిరగవలసిన చోటు చేరకముందే కళ్లు లోపలి అంచు మీదికి పోవాలి, బండి ఆ అంచు చేరకముందే కళ్లు బయటి దారికి పోవాలి. కన్ను ఎటు పోతే బండి అటే పోతుంది. మట్టిలోకి పోతామని భయపడి మట్టి వంక చూసినవారు తప్పక అక్కడికే చేరతారు.

రెండవది చేతులు. బ్రేకు వేసేటప్పుడు శరీరం బరువును మోకాళ్లతో ట్యాంకును గట్టిగా పట్టి ఆపండి, మోచేతులు వదులుగా ఉంచండి. హ్యాండిల్ మీద వేళ్లు ఆడించగలుగుతున్నారా అని ప్రతి మలుపులోనూ మిమ్మల్ని మీరే పరీక్షించుకోండి. బ్రేకు పని తిన్నగా ఉన్నప్పుడే చాలావరకు ముగించి, బండి తిరిగిన తరువాత యాక్సిలరేటర్‌ను కొంచెం కొంచెంగా, ఎక్కడా మూయకుండా తెరుస్తూ పోవాలి. భయం వేసినప్పుడు చెయ్యి దాన్ని గభాలున మూసివేయడానికే చూస్తుంది. అలా మూసినప్పుడు బరువంతా ముందు టైరు మీద పడుతుంది. ఆ అలవాటు వదిలించుకోవడానికే మొదటి రెండు సెషన్లూ మీరు వెళ్లగలిగిన వేగంలో ముప్పాతిక మాత్రమే వెళ్లమని చెబుతున్నాను.

వీలైతే మామూలు ట్రాక్ డే కన్నా ముందు శిక్షణ తరగతికి వెళ్లండి. చెన్నై-బెంగళూరు రహదారి పక్కన, శ్రీపెరుంబుదూరు చేరువలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 1990లో మొదలైంది. సుమారు 3.7 కిలోమీటర్ల పొడవున, పన్నెండు మలుపులతో ఉన్న ఆ ట్రాక్‌ను ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ శిక్షణ కూడా అక్కడ జరుగుతుంటుంది. కోయంబత్తూరు దగ్గరి కారీ మోటార్ స్పీడ్‌వే చిన్నది, కొత్తవారికి అనువైనది. 2023 సెప్టెంబరులో మోటోజీపీ (ప్రపంచ స్థాయి బైక్ పందెం) జరిగిన గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్ పొడవు 5.125 కిలోమీటర్లు. దాని సూటిదారి చిన్న బండికి అంతులేనట్టే ఉంటుంది, ఇప్పట్లో మీకు అవసరం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి చెన్నైలో ఇంజినీరింగు చదువుతున్నాడు. రాత్రిళ్లు స్నేహితులతో కలిసి ఈ.సి.ఆర్. (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద వేగంగా బండి నడుపుతున్నాడని తెలిసి నిద్ర పట్టడం లేదు. ఇప్పుడు ట్రాక్‌కు వెళ్తానంటున్నాడు. వద్దనాలా, పంపాలా?
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, పంపండి. ట్రాక్ మీద ఎదురుగా లారీ రాదు, కుక్క అడ్డం రాదు, అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. పడ్డవారు జారుకుంటూ పోవడానికి ఖాళీ జాగా ఉంటుంది. దెబ్బలు తగలవని నేను చెప్పలేను. చెయ్యి విరిగినవారు, కాలర్ బోన్ విరిగినవారు ఉన్నారు. కాని రోడ్డు మీద డివైడర్‌కు తగిలితే జరిగేది దీనితో పోల్చదగింది కాదు.

మీ వంతుగా రెండు షరతులు పెట్టండి. మొదటిది, రోడ్డు మీద ఆ పందేలు ఇవాళ్టితో ఆగాలి. రెండవది, బండి కొనడానికి ముందే పూర్తి లెదర్ సూటు, చీలమండ దాటి వచ్చే బూట్లు, మణికట్టు కప్పే చేతి తొడుగులు, వెన్నుకు రక్షణ ఇచ్చే ప్యాడ్, గడ్డం కింద రెండు రింగులతో బిగించే ఫుల్ ఫేస్ హెల్మెట్ ఉండాలి. సూటు అద్దెకు కూడా దొరుకుతుంది. హెల్మెట్ మాత్రం అద్దెది వద్దు, సెకండ్ హ్యాండ్‌ది అసలే వద్దు. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ లోపలి పొర నలిగిపోయి ఉన్నా పైకి తెలియదు. వీలైతే మీరూ ఒకసారి వెళ్లి పిట్ పక్కన కూర్చుని చూడండి.

ప్రశ్న: విశాఖపట్నం నుంచి చెన్నై ట్రాక్‌కు బండిని రైల్లో పంపవచ్చునా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పంపవచ్చు. పార్సెల్ ఆఫీసులో ఆర్.సి. నకలు, గుర్తింపు కార్డు అడుగుతారు, కాగితాలు లేని బండి ఇక్కడ కూడా కదలదు. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసివేయాలి. లీవర్లకు, ఫెయిరింగ్‌కు, డిస్కులకు దళసరిగా ప్యాకింగ్ కట్టించండి. పార్సెల్ ఏ రోజు చేరుతుందో ఖచ్చితంగా చెప్పలేరు గనుక నాలుగైదు రోజులు ముందే పంపి, చెన్నై స్టేషన్ నుంచి ట్రాక్ దాకా చిన్న ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లేటట్లయితే ఒక మినీ వ్యాను మాట్లాడుకోవడమే చవక. బండిని ఎత్తి నిలబెట్టే ప్యాడాక్ స్టాండు, పనిముట్లు కూడా అందులోనే వస్తాయి. రేడియేటర్‌లో కూలెంట్ తీసి మంచినీళ్లు పోయడం బయలుదేరక ముందే పూర్తి చేయండి. కూలెంట్ కారితే తారు నూనె పోసినట్టు జారుతుందని ట్రాక్ దగ్గరి తనిఖీలో దాన్ని ఒప్పుకోకపోవచ్చు, ఆ పని ట్రాక్ దగ్గర పెట్టుకుంటే మొదటి సెషన్ పోతుంది.