శక్తి నశించదంటే మరి కరెంటు ఎటు పోతోంది? మా ట్యాంకు మోటారు లెక్క

“శక్తి నశించదు, రూపం మారుతుందంతే అని చదువుకున్నాం. మరి నెల తిరిగేసరికి ఇన్ని యూనిట్లు ఖర్చయ్యాయని బిల్లు ఎందుకొస్తుంది? ఆ శక్తంతా ఏ రూపంలో ఉంది?” అని మీలో ఒకరు అడిగారు. బల్బు వెలగడం, ఫ్యాను తిరగడం పుస్తకంలో ఉన్నవే. నేను దగ్గరగా చూసిన రెండు మూడు సంగతులు చెప్తాను.

మా నాన్నది దేవరకొండ వైపు మోటారు వైండింగ్ షాపు. ఎండాకాలం వచ్చిందంటే షాపు ముందు కాలిన బోరు మోటార్లు వరసగా పడి ఉండేవి. విప్పితే లోపల రాగి తీగ మీది ప్లాస్టిక్ పూత కరిగి, చుట్లన్నీ నల్లటి ముద్దలా అతుక్కుపోయి కనిపించేవి. సెలవుల్లో ఆ తీగ పీకే పని నాది. చేతులకు అంటిన ఆ కాలిన వాసన రెండు రోజులైనా వదిలేది కాదు.

అవి ఎందుకు కాలేవంటే, అప్పట్లో పొలాలకు కరెంటు ఎక్కువగా రాత్రిపూట వచ్చేది. రైతులు కరెంటు రాగానే మోటారును వాటంతటవే ఆన్ చేసే ఆటో స్టార్టర్లు పెట్టుకుని పడుకునేవాళ్లు. కరెంటు రాగానే ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారి లేచేవి, వోల్టేజీ పడిపోయేది. వోల్టేజీ తగ్గితే మోటారు మెల్లగా తిరిగి ఊరుకుంటుందని చాలామంది అనుకుంటారు. అదే నీళ్ల బరువు లాగాలి కాబట్టి అది కరెంటు ఇంకా ఎక్కువ గుంజుతుంది. తీగలో కరెంటు రెట్టింపైతే పుట్టే వేడి నాలుగింతలవుతుంది. నాన్నకు ఈ సూత్రం తెలియదు. “తిప్పనీకి పోని కరెంటు కాల్చనీకి పోతది” అనేవాడు. నేను ఇంటర్‌లో చదివిన దానికంటే ఆ మాటే నాకు ఇప్పటికీ గుర్తుంది. మీ ప్రశ్నకు జవాబు కూడా సగం అందులోనే ఉంది.

మిగతా సగం హైదరాబాద్‌లో అద్దెకు దిగాక తెలిసింది. మాది మూడు పోర్షన్ల ఇల్లు. కింద సంపు, పైన వెయ్యి లీటర్ల ట్యాంకు, మధ్యలో ఒక హెచ్‌పీ మోటారు. మోటారు మీటరు వేరే, బిల్లు ముగ్గురం పంచుకోవాలి. పోయిన చలికాలంలో అందరి బిల్లులూ పెరిగాయి. కింది పోర్షన్ ఆంటీ నేరుగా మోటారు మీద పడ్డారు. “పొద్దున లేస్తే మీవాళ్లే స్విచ్ వేస్తారు, గంటలకొద్దీ వదిలేస్తారు” అని. మెట్ల మీద మాటా మాటా పెరిగింది. నేను ఊరికే ఉండకుండా మీటరు దగ్గర నిలబడి లెక్క తీశాను. (మోటార్ల ఇంట్లో పుట్టిన పాపం.)

సంపు నుంచి ట్యాంకుకు ఎత్తు సుమారు 12 మీటర్లు. వెయ్యి లీటర్లంటే వెయ్యి కిలోలు. అంత బరువును అంత ఎత్తుకు లేపడానికి కావలసిన శక్తి 1000 × 9.8 (భూమి ఆకర్షణ లెక్క) × 12, అంటే 1,17,600 జౌళ్లు (జౌల్ అంటే శక్తిని కొలిచే కొలత). ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్లు. అంటే ఖాళీ ట్యాంకు నింపడానికి నిజంగా పట్టాల్సింది యూనిట్‌లో ముప్పయ్యో వంతు! మీటరులో మాత్రం దాదాపు 0.4 యూనిట్ కదిలింది. పన్నెండు వంతుల్లో ఒక్క వంతే నీళ్లను పైకి ఎత్తింది. మిగతాది మోటారు ఒంటి వేడి, పంపులో నీళ్లు సుడి తిరగడం, పైపు వంపుల్లో రాపిడి. ఇవన్నీ చివరికి వేడే. ఇరవై నిమిషాలు నడిచాక మోటారు మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది కదా, మనం డబ్బు కట్టిన శక్తిలో కొంత అక్కడే ఉంది.

ఇంత వృథా ఉన్నా, రోజుకు రెండుసార్లు నింపితే నెలకు 24 యూనిట్లు. ముగ్గురికి పంచితే మనిషికి ఎనిమిది. దీనికా ఇంత గొడవ అనిపించింది. మరి బిల్లు ఎక్కడ పెరిగింది?

గీజర్ దగ్గర. 15 లీటర్ల బకెట్ నీళ్లను 20 డిగ్రీలు వేడి చేయాలంటే, లీటరుకు డిగ్రీకి 4,186 జౌళ్ల లెక్కన 12 లక్షల 55 వేల జౌళ్లు, అంటే సుమారు 0.35 యూనిట్. ఒక్క మనిషి ఒక్క స్నానానికి! ఆ శక్తిని నష్టం లేకుండా వాడగలిగితే పదికి పైగా ట్యాంకులు పైకి చేరతాయి. నలుగురున్న ఇంట్లో తలా ఒక బకెట్ చొప్పున నెలకు 42 యూనిట్లు. పైగా బిల్లు స్లాబు దాటితే పై యూనిట్ల రేటు కూడా మారుతుంది. మోటారు శబ్దం చేస్తుంది కాబట్టి అందరి కళ్లూ దాని మీదే. గీజర్ నోరు మెదపదు.

ఇదే లెక్కను వెనక్కి, కరెంటు పుట్టే చోటికి తీసుకెళ్తే ఇంకా ఆశ్చర్యం. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, దిగువన నాగార్జున సాగర్‌ది 590. రెండూ నిండుగా ఉన్నాయనుకుంటే తేడా 295 అడుగులు, సుమారు 90 మీటర్లు. వెయ్యి లీటర్లు అంత ఎత్తు నుంచి దిగితే పావు యూనిట్ కూడా పూర్తిగా రాదు. టర్బైన్ నష్టం పది శాతం తీసేస్తే, ఒక బకెట్ వేడినీళ్లకు శ్రీశైలంలో దాదాపు 1,600 లీటర్ల కృష్ణ నీళ్లు కిందికి దూకాలి. బొగ్గుతో అయితే ఇంకో రకం బాధ. థర్మల్ ప్లాంటులో బొగ్గు మండితే వచ్చే వేడిలో సుమారు మూడో వంతే కరెంటవుతుంది. వేడిని కష్టపడి కరెంటు చేసి, తీగల మీద తెచ్చుకుని, బాత్రూంలో మళ్లీ వేడి చేసుకుంటున్నాం. కరెంటు గీజర్ అంటే నాకు అందుకే చిరాకు. ఎండ కాసే ఊళ్లో మేడ మీద సోలార్ వాటర్ హీటర్ పెట్టుకోవడం నయం, అద్దె ఇంట్లో అది మన చేతిలో ఉండదనుకోండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఖర్చయిన యూనిట్లు ఎక్కడికీ పోలేదు. స్నానం చేసిన నీళ్లతో డ్రైనేజీలోకి, గోడల్లోకి, గాల్లోకి గోరువెచ్చగా వెళ్లిపోయాయి. జౌళ్లు లెక్కకు అన్నీ ఉన్నాయి, కానీ అలా పరుచుకుపోయిన వేడిని కూడగట్టి మళ్లీ మోటారు తిప్పుకోలేం. పని చేయించుకునే వీలు పోయింది. బిల్లు కట్టేది దానికే.

ఇంట్లోనే చూడాలంటే మిక్సీలో పచ్చడి ఆపకుండా రెండు మూడు నిమిషాలు తిప్పి వేలు పెట్టి చూడండి, పొయ్యి లేకుండానే వెచ్చబడుతుంది. ఇడ్లీ పిండికి మిక్సీ కంటే గ్రైండరే మేలని అమ్మ పట్టుబట్టేది ఇందుకే, “మిక్సీలో పిండి వేడెక్కుతుంది” అని. 1840లలో జేమ్స్ జౌల్ అనే ఇంగ్లండ్ ఆయన చేసింది కూడా దాదాపు ఇదే. బరువులు కిందికి జారుతూ నీళ్లలో తెడ్లను తిప్పే ఏర్పాటు చేసి, నీళ్లు ఎంత వేడెక్కాయో కొలిచాడు. ఎంత పనికి ఎంత వేడో అలా తేల్చాడు. జౌల్ అనే కొలత ఆయన పేరే.

ఫ్యాను సంగతి కూడా చెప్పాలి. ఫ్యాను గదిని చల్లబరచదు, నిజానికి కాస్త వేడెక్కిస్తుంది. చల్లగా అనిపించేది మన చెమట ఆరడం వల్ల. ఎవరూ లేని గదిలో “చల్లబడుతుందిలే” అని ఫ్యాను వేసి ఉంచేవాళ్లకు ఈ మాట చెప్పి చూడండి, ఒక్కరూ నమ్మరు.

లెక్కంతా కాగితం మీద రాసి ఆంటీకి చూపించాను. ఆవిడ కాగితం చూడలేదు కానీ, మర్నాటి నుంచి గీజర్‌ను స్నానానికి పది నిమిషాల ముందు మాత్రమే వేస్తున్నారు. అదే రాత్రి నాన్నకు ఫోన్ చేసి పన్నెండో వంతు సంగతి చెప్పాను. ఆయన జౌళ్ల గురించి ఏమీ అడగలేదు. “ట్యాంకు నిండనీకి ఎంతసేపు పడుతుంది?” అన్నాడు. ఇరవై అయిదు నిమిషాలన్నాను. “అంతసేపు పట్టొద్దు. ఫుట్‌వాల్వ్ తీసి చూడు” అన్నాడు. ఆదివారం సంపులోంచి పైపు లాగి చూస్తే, దాని అడుగున నీళ్లు పీల్చే చోట ఉండే ఫుట్‌వాల్వ్ జల్లెడకు సగానికి పైగా నాచు, ఒక పాలిథిన్ ముక్క. శుభ్రం చేసి బిగించాక ట్యాంకు పదిహేడు నిమిషాల్లో నిండింది.