వైద్యం ఉచితమే కదా, పేదవాళ్లు జబ్బు ముదిరేదాకా ఎందుకు ఆగుతారు?

ఈ ప్రశ్నకు ఎవరినడిగినా "అవగాహన లేక" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నేను డాక్టర్ని కాను. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే ఒక షెడ్డులో పదకొండేళ్లు గుమాస్తాగా లెక్కలు రాశాను. అక్కడ చూసింది చెబుతాను.

సీజన్‌లో షెడ్డు నిండా టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు. అరవై మంది ఆడవాళ్లు కింద కూర్చుని తొడిమలు తుంచుతుంటారు. కూలి కిలో లెక్క. కొత్తవాళ్లు గుమ్మంలోనే తుమ్ముతారు, వారం తిరిగేసరికి ముక్కుకి పమిట కట్టుకుని సర్దుకుంటారు. అందరూ దగ్గేవాళ్లే కాబట్టి ఎవరి దగ్గునూ ఎవరూ పట్టించుకోరు.

వాళ్లలో ఒకావిడ ఉండేది, అక్కా అని పిలిచేవాణ్ని. సంక్రాంతి వెళ్లాక పట్టుకున్న దగ్గు ఉగాదికీ తగ్గలేదు. అడిగితే "మిరప ఘాటులే బాబూ" అనేది. నాకు ముందు కనిపించింది దగ్గు కాదు, నా పుస్తకంలో ఆవిడ పేరు పక్కన కిలోలు. వారం వారం తగ్గుతూ వచ్చాయి. బద్ధకం అనుకున్నాను. ఒకసారి కసిరాను కూడా. ఒకరోజు తూకం దగ్గర నిలబడలేక కూలబడిపోతే అప్పుడు చూశాను, జాకెట్టు చేతులు ఎంత వదులయ్యాయో.

మర్నాడు నేనే ఒక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాను. పేరెందుకు, ఎక్కడైనా ఇంతే. చీటీ చేతికొచ్చేసరికి పదిన్నర. ఊపిరితిత్తుల డాక్టరు వేరే బిల్డింగులో. కిటికీ దగ్గర మనిషి నన్ను చూసి "సార్, అటు వెళ్లండి" అన్నాడు. అదే నిమిషంలో ఆవిడతో "ఏమ్మా, కళ్లు కనపడవా, బోర్డు చూసుకో" అన్నాడు. ఆవిడకు చదువు రాదు. నేనేమీ కలెక్టరుని కాదు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నానంతే. నేను పక్కన లేకపోతే ఆ మాటకే వెనక్కి వచ్చేసేది.

డాక్టరు మంచాయనే. రెండు నిమిషాలు చూసి తెమడ పరీక్ష రాశాడు. ఒక డబ్బీ అప్పుడే ఇవ్వాలి, ఇంకోటి మర్నాడు పొద్దున లేవగానే పట్టి తేవాలి, రిపోర్టుకి మళ్లీ ఇంకోరోజు. పరీక్షలకు పైసా తీసుకోలేదు, నిజమే. మూడు రోజుల కూలి పోయింది, ఆటోలకు అయినవి నేనే ఇచ్చాను.

టీబీ అని తేలింది. ఆరు నెలల మందులు ఉచితం. తిండి కోసం కేంద్రం 2018 నుంచి టీబీ రోగుల బ్యాంకు ఖాతాలో నెలకు 500 వేస్తోంది, 2024 నవంబరులో దాన్ని వెయ్యి చేసింది. ఆవిడ రోజుల్లో 500లే. అవి పడాలంటే ఖాతాకు ఆధార్ కలవాలి, ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబరేమో ఎప్పుడో పోయింది. దాని చుట్టూ తిరిగింది వేరే కథ, రాస్తే ఇంకో పేజీ అవుతుంది. మొదటి 500 పడేసరికి సగం కోర్సు అయిపోయింది. "గుడ్లు, పాలు బాగా తీసుకో" అని మాత్రం ప్రతిసారీ చెప్పేవాళ్లు!

అదే ఏడాది మా షావుకారు పది రోజులు దగ్గారు. సాయంత్రం షెడ్డు కట్టేశాక కొత్తపేటలో ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లారు. అదే రాత్రి స్కానింగు, అదే రాత్రి రిపోర్టు. ఏమీ లేదు, ఎలర్జీ.

ఆర్‌ఎంపీ దగ్గరికి ఎందుకు పోతారని వెటకారం చేసేవాళ్లకి ఒక మాట. ఆయన రాత్రి తొమ్మిదింటిదాకా లైటు వేసుకుని కూర్చుంటాడు. పేరు పెట్టి పలకరిస్తాడు. డబ్బులు శనివారం బట్వాడా అయ్యాక ఇస్తే చాలంటాడు. ఆవిడకు రెండు నెలలు సిరప్పులు పోసింది ఆయనే, అది తప్పే. కానీ ఆ వేళకి తెరిచి ఉన్నది ఆయనొక్కడే కదా?

కూలి పోతుందన్న సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. 2019 డిసెంబరులో మన గుంటూరు పెద్దాసుపత్రిలోనే 'ఆరోగ్య ఆసరా' మొదలుపెట్టారు. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయినవాళ్లు కోలుకునే రోజులకు రోజుకు 225, నెలకు 5,000 మించకుండా ఇస్తామని అప్పుడు పెట్టిన పథకం. మంచి ఆలోచన, కానీ అది ఆపరేషన్ అయ్యాక. జబ్బేమిటో కనుక్కోవడానికి తిరిగిన రోజుల కూలి ఎవరిస్తారు?

నన్నడిగితే కొత్త బిల్డింగులు అక్కర్లేదు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఓపీ పెడితే ఈ తేడా సగం పోతుంది. పోలియో చుక్కలకు ఇంటింటికీ వస్తారు కదా, సీజన్‌లో ఒక్కపూట డబ్బీలు పట్టుకుని షెడ్లకు రాలేరా?

ఆవిడకు నయమైంది. దుమ్ములోకి వెళ్లొద్దన్నారు డాక్టరు. తర్వాతి సీజన్‌కి మళ్లీ అదే షెడ్డు, అదే మూల. నేను ఆ పని మానేసినా ఫోన్ చేస్తుంటుంది. మొన్న చేసి అడిగింది: "బాబూ, మా చెల్లెలు కూడా దగ్గుతోంది. పొద్దున రెండు గంటలు ఆలస్యమైతే షావుకారు ఏమన్నా అంటారా?"