అల్లుడికి మావయ్య రాసేది: ఆ పెద్ద టార్చి పేకు ఛార్జింగ్ సంగతి

చిరంజీవి అల్లుడికి, పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు.

మొక్కజొన్న కావలికి బరంపురంలో పెద్ద టార్చి కొన్నావంట, ఏస్తే వెలుగు కొండ దాకా పోతోందంట, మా అక్క ఫోన్లో చెప్పింది. మంచిదే. లఖారి అడవి వైపు నుంచి ఏనుగులు దిగే రోజుల్లో కాశీనగర్ పక్క పొలాల్లోకి రాత్రిపూట మంచి లైటు లేకుండా వెళ్ళకూడదు, అలాగని లైటు ఉంది కదా అని ఏనుగు కళ్ళల్లో కొట్టి దాని ముందు నిలబడిపోకు, దూరం నుంచి చూసి వెనక్కి తిరిగొచ్చేసి ఫారెస్టోళ్ళకి ఫోన్ చెయ్యడానికే ఆ లైటు. సరే, అది వేరే సంగతి. నేను రాస్తున్నది దాని పేకు, అంటే లోపల సెల్లులు కలిపి కట్టిన బ్యాటరీ, దాని గురించి, అందులోనూ ఛార్జింగ్ గురించి. ఇన్నేళ్ళు షాపులో కూర్చుని చూసిందేటంటే ఈ లిథియం పేకులు వాడుతుంటే పోయినవి తక్కువ, ఛార్జింగ్ దగ్గర పోయినవే ఎక్కువ.

ముందు ఛార్జర్ మీద ఏం రాసుందో చదువు. లోపల ఉండే సెల్లు, 18650 అంటారే, 18 మిల్లీమీటర్ల లావు 65 పొడుగు, అదొక్కటి ఫుల్ అయితే 4.2 వోల్టులు. రెండు వరసగా కలిపితే 8.4, మూడయితే 12.6, నాలుగైతే 16.8. ఛార్జర్ మీద కూడా అదే అంకె ఉండాలి, దగ్గర దగ్గరగా ఉంటే చాలు అనుకోడానికి లేదు. మన ఇళ్ళల్లో జరిగేదేటంటే ఆ గుండ్రటి పిన్ను అన్నిటికీ ఒకేలా ఉంటాది, వైఫై డబ్బా అడాప్టర్ పిన్ను కూడా ఇందులో చక్కగా దూరిపోతాది, దూరింది కదా అని పెట్టేస్తారు. అది 12 వోల్టులది బాబూ, పైగా దానికి ఎక్కడ ఆపాలో తెలీదు. 8.4 పేకుకి అది తగిలిస్తే లోపల కాపలా బోర్డు మంచిదైతే కట్ చేస్తాది, చవక బోర్డు అయితే సెల్లులు ఉబ్బి పొగొచ్చేస్తాది. ఒకాయన ఇలాంటి పేకే తెచ్చాడు నా దగ్గరికి, అడాప్టర్ ఏదని అడిగితే "పిన్ను సరిపోయింది కదండీ" అన్నాడు, అప్పటికి పేకు మీద ప్లాస్టిక్ కరిగి బల్లకి అతుక్కుపోయిందంట. అందుకే ఛార్జర్ మీద తెల్ల స్టిక్కర్ అంటించి పెన్నుతో పెద్దగా రాసి పెట్టు, "టార్చిది" అని, ఇంట్లో పిల్లలు కూడా మార్చరు.

మల్టీమీటర్, అంటే వోల్టులు చూసే మీటర్, ఒకటి కొనుక్కో, ఖరీదేమీ కాదు. ఛార్జర్‌ని ప్లగ్గులో పెట్టి పిన్ను దగ్గర ఖాళీగా వోల్టేజీ చూడు, 8.4 ఛార్జర్ 8.4 చుట్టుపక్కలే చూపించాలి, 9 దాటి చూపిస్తే అది కొత్తదైనా సరే పక్కన పడెయ్యి.

తర్వాత ఎంఏహెచ్ సంగతి, అంటే బ్యాటరీలో ఎంత పడతాదో చెప్పే అంకె. పేకు మీద 20000 అని రాసుందని మురిసిపోయుంటావు. ఒక 18650 సెల్లులో నిజంగా పట్టేది మంచి కంపెనీదైతే 3500 దగ్గర, 9900 అని ఒక్క సెల్లు మీద రాసుంటే ఆ సెల్లు అబద్ధం, చేత్తో ఎత్తి చూసినా తెలిసిపోతాది, అసలుది 45 గ్రాములకి పైనే ఉంటాది, నకిలీది తేలిగ్గా ఉంటాది. పేకు విప్పకుండా తెలుసుకోవాలంటే ఛార్జింగే చెప్పేస్తాది. టార్చి మసకబారి ఆగిపోయాక, అది చల్లబడ్డాక, 1 యాంపియర్ ఛార్జర్, అంటే గంటకి 1000 ఎంఏహెచ్ ఎక్కించేది, పెట్టి టైము చూడు, రెండు గంటలకే పచ్చలైటు వచ్చేసిందంటే అందులో ఉన్నది 2000 ఎంఏహెచ్ లోపే, పైన ఎన్ని సున్నాలున్నా సరే. 5200 పేకు నిజమైనదైతే అదే ఛార్జర్ మీద ఆరు గంటల దాకా పడతాది, ఎందుకంటే చివర్లో కరెంటు మెల్లగా తగ్గించుకుంటూ నింపుతాది. ఆలస్యమవుతోందని 3 యాంపియర్ల ఛార్జర్ తెచ్చుకోకు. పేకు ఎంత ఉంటే అందులో సగం లెక్కన కరెంటు పంపితే బ్యాటరీకి హాయి, అంటే 2600 పేకుకి 1.3 యాంపియర్లు, అంతకంటే తక్కువైనా పర్లేదు.

ఇప్పుడు మీ నాన్న ఏం చెప్తాడో నాకు తెలుసు, పూర్తిగా దింపేసి అప్పుడే ఎక్కించాలిరా అంటాడు. ఆయన చెప్పేది నికెల్ కాడ్మియం అనే పాత రకం బ్యాటరీల రోజుల మాట. లిథియం బ్యాటరీ సోనీ వాడు అమ్మకానికి తెచ్చిందే 1991లో, మన ఊళ్ళ టార్చిల్లోకి వచ్చింది ఇంకా చాలా తర్వాత, దీని తీరు వేరు. సగం ఉన్నప్పుడే ఎక్కించుకో, ఏమీ కాదు, మంచిది కూడా. పూర్తిగా దిగిపోయిన పేకుని వారాలకొద్దీ అలాగే వదిలేస్తేనే చస్తాది. సెల్లు 2.5 వోల్టుల కిందకి పోయి అలాగే ఉండిపోతే లోపల రాగి కరగడం మొదలవుతాది, మళ్ళీ ఛార్జింగ్ పెట్టినప్పుడు లోపల్లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం, అలాంటి దాన్ని ఎవడో వైరు తగిలించి బతికిస్తానంటే వద్దని చెప్పు.

పాత ఎమర్జెన్సీ లైటు, సీసం బ్యాటరీది, దానికి రివర్స్. అది ఎప్పుడూ ఫుల్‌గా ఉండాలి, లిథియం పేకుని కావలి సీజన్ అయిపోయాక అటక మీద పెట్టేటప్పుడు సగం మాత్రమే ఉంచి పెట్టాలి. 8.4 పేకు అయితే మీటర్లో 7.6 దగ్గర ఉంటే సరి. రెండు మూడు నెలలకోసారి అటక మీంచి తీసి మీటర్ పెట్టి చూడు.

ఛార్జింగ్ ఎక్కడ పెడతావు అనేదే నాకు అసలు భయం. మీ ఇంట్లో ప్లగ్గు మంచం పక్కనే ఉంది, పడుకునే ముందు పెట్టేసి దోమతెరలోకి దూరిపోతావు, ఆ పని మాత్రం చెయ్యకు. గచ్చు మీద గానీ రాతి పలక మీద గానీ పెట్టు, చుట్టుపక్కల గోనెసంచులు, గడ్డి, కిరసనాయిలు డబ్బా ఏవీ వద్దు, నువ్వు మెలకువగా ఉన్నప్పుడే పెట్టు, పచ్చలైటు వెలగగానే తీసెయ్యి. చవక ఛార్జర్లు కొన్ని పచ్చలైటు చూపించాక కూడా మెల్లగా తోస్తూనే ఉంటాయి. టార్చి అరగంట ఫుల్ మీద వెలిగిస్తే పేకు వేడెక్కుతాది కదా, ఆ వేడి మీదే ఛార్జింగ్ పెట్టకు. ఇంకోటి, 45 డిగ్రీలు దాటితే ఈ సెల్లుని ఛార్జ్ చెయ్యకూడదు, ఏప్రిల్ మే నెలల్లో మధ్యాహ్నం మీ రేకుల షెడ్డులో ఎంత ఉంటాదో నీకు నేను చెప్పాలా. పొద్దున్నే లేచి పెట్టుకో.

పొలంలో సోలార్ పలక ఉందంటున్నావు. 12 వోల్టుల పలక అంటారు గానీ ఎండలో ఖాళీగా చూస్తే 20 దాటుతాది, దాని వైర్లు తిన్నగా పేకుకి కలపకు, మధ్యలో లిథియం కోసమే చేసిన, నీ పేకు వోల్టేజీకి సరిపోయే కంట్రోలర్ ఉండాల్సిందే. అది ఉన్నా సరే మంచె మీద వద్దు, కిందంతా ఎండుగడ్డే.

సెల్లులు విడిగా వచ్చే టార్చి అయితే ఇంకొంచెం జాగ్రత్త. సెల్లు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు చిరిగితే వాడకు, ఆ డబ్బా మొత్తం నెగెటివే, పాజిటివ్ పక్కనే తగిలే దూరంలో ఉంటాది. జేబులో తాళాలు, చిల్లరతో కలిపి వెయ్యకు. కొత్తదొకటి పాతదొకటి కలపకు.

పేకు ఉబ్బినా, ఛార్జింగ్‌లో చెయ్యి పెట్టలేనంత కాలినా, ఘాటు వాసనొచ్చినా ముందు స్విచ్ ఆపు, చేత్తో ముట్టుకోకు, వీలైతే పొడుగు కర్రతో బయటికి నెట్టేసి నీళ్ళు బాగా పొయ్యి, ఆ పొగ విషం, పీల్చకు, పిల్లల్ని దూరంగా పంపించు. మంట ఆరిందని దగ్గరికెళ్ళకు, మళ్ళీ అంటుకుంటాది. చచ్చిన పేకుని పెంటకుప్పలో గానీ వంశధారలో గానీ పడెయ్యొద్దు. కొసలకి టేపు చుట్టి నాకు తెచ్చియ్యి, 2022లో వచ్చిన బ్యాటరీ వేస్ట్ రూల్స్ ప్రకారం తయారీదార్లే వెనక్కి తీసుకోవాలి, అవి ఎలా పంపాలో నేను చూసుకుంటాను.

ఈసారి పర్లాకిమిడి వచ్చినప్పుడు టార్చి తెస్తావు కదా, ఛార్జర్ ఇంట్లో మర్చిపోకు, నాకు ముందు కావలసింది అదే. మీ అత్త మొక్కజొన్న పొత్తులు కూడా తెమ్మంటోంది, లేతవి చూసి తే.

ఇట్లు,
మావయ్య