టవర్ లేకుండా, సర్వర్ లేకుండా మెసేజ్‌లు పంపే పరికరాలు మామూలు ఇళ్ళలో పనికొస్తాయా?

ప్రశ్న అడిగినవారి సందేహం ఇది: ఫోన్ నుంచి ఫోన్‌కి నేరుగా మాట్లాడుకునే యాప్‌లు, ఒక పరికరం నుంచి ఇంకోటి అందుకుని ముందుకి పంపే మెష్ నెట్‌వర్క్‌లు అంటున్నారు కదా, అవి మనలాంటి వాళ్ళకి నిజంగా ఉపయోగపడతాయా, లేక ఇంజనీర్ల కాలక్షేపమేనా?

కాలక్షేపమే. కానీ కాలక్షేపంగా మొదలుపెట్టినవాడికే అవి పనికొస్తాయి. అవసరానికి ఉంటాయని కొని బీరువాలో పెట్టినవాడికి పనికిరావు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగ్గా ఉంటుంది.

ఈ పిచ్చి నాకు హాస్టల్లో అంటుకుంది. 2008 ప్రాంతంలో గుంటూరు దగ్గర ఇంజనీరింగ్ చదివేటప్పుడు మా హాస్టల్ ల్యాన్‌లో డీసీ ప్లస్ ప్లస్ అని ఫైళ్ళు పంచుకునే సాఫ్ట్‌వేర్ నడిచేది. మూడో అంతస్తులో ఒక సీనియర్ కంప్యూటరే హబ్, అంటే అందరినీ కలిపే మధ్య మిషన్. ఇన్ని జీబీలు షేర్ చేస్తేనే లోపలికి రానిచ్చేవాడు. లేనివాళ్ళం చెత్త ఫైళ్ళతో లెక్క నింపేవాళ్ళం. ఆయన నిద్రొచ్చి మిషన్ ఆపేస్తే చాట్ పోయేది, వెతకడం కుదిరేది కాదు. అప్పటికే మొదలైన డౌన్‌లోడ్ మాత్రం ఆగేది కాదు. ఫైలు హబ్ గుండా రాదు కదా, ఆ గదిలోంచి ఈ గదిలోకి నేరుగా వస్తుంది. మధ్యవర్తి పడుకున్నా పని నడవడం నేను చూసింది అదే మొదటిసారి. అప్పటినుంచి ఇప్పటిదాకా మా ఆవిడ భాషలో నేను 'డబ్బాలు కలిపేవాణ్ణి'.

ఇప్పుడు పీర్-టు-పీర్, అంటే మధ్యవర్తి లేకుండా నేరుగా, అని బోర్డు పెట్టుకున్న యాప్‌లు చాలావరకు ఆ పని నేరుగా చెయ్యలేవు. తప్పు పూర్తిగా వాళ్ళదీ కాదు. మొబైల్ డేటాలో మన ఫోన్‌కి సొంత ఐపీవీ4 అడ్రసు ఉండదు, చాలామందికి కలిపి ఒకటి ఇస్తారు. పెద్ద అపార్ట్‌మెంటుకి గేటు మీద ఒకటే డోర్ నంబరు ఉండి, ఎవరు ఏ ఫ్లాటో వాచ్‌మన్‌కి మాత్రమే తెలిసినట్టు. బయటినుంచి వచ్చినవాడు లోపలికి పోలేడు. అందుకని రెండు ఫోన్లు గేటు దగ్గరే ఆగిపోయి, చివరికి మధ్యలో ఇంకో సర్వర్ చేత చీటీలు అందించుకుంటాయి. దీనికి మళ్ళీ 'డీసెంట్రలైజ్డ్' అని పేరు.

బ్లూటూత్ యాప్‌లూ చూశాను. 2019లో మా కజిన్స్ అందరి చేతా బ్రయర్ వేయించాను. అది పక్కనున్న ఫోన్‌కి బ్లూటూత్, వైఫై మీద నేరుగా పోతుంది, ఇంటర్నెట్ ఉంటే టోర్ అనే, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో దాచే నెట్‌వర్క్ గుండా వెళ్తుంది. ఫోన్లలో ఆండ్రాయిడ్‌కే ఉంది. ఒకరి క్యూఆర్ ఒకరు స్కాన్ చేసుకోవాలని ఒక పెళ్ళిలో రెండో బంతికి లేచేవాళ్ళని పట్టుకుని మరీ చేయించాను. వారం తిరిగేసరికి దాన్ని తెరిచేవాణ్ణి నేనొక్కణ్ణే. 2023 మేలో కేంద్రం నిరోధించిన 14 మెసేజింగ్ యాప్‌లలో బ్రయర్ కూడా ఉందని వార్త రాగానే మా పెదనాన్న ఫోన్ చేశాడు. "ఏరా, నువ్వు నా ఫోన్లో వేసింది అదేనా? పోలీసులు రారు కదా?" అప్పటికి ఆయన ఆ ఫోన్ మార్చి రెండేళ్ళయింది.

అసలు కథ వేరే పెట్టెది. 2022లో మెష్‌టాస్టిక్ మొదలుపెట్టాను, చిన్న రేడియో బోర్డులతో మెసేజ్‌లు పంపే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. లోరా అనే, తక్కువ పవర్‌తో దూరం పోయే రేడియో ఉన్న చిన్న బోర్డు, ఒక యాంటెన్నా, రెండు లిథియం సెల్స్. ఫోన్ బ్లూటూత్‌తో ఆ బోర్డుకి మెసేజ్ ఇస్తే, అది గాలిలో ఇంకో బోర్డుకి అందిస్తుంది, అది ఇంకోదానికి. మామూలుగా మూడు అంచెల దాకా. సిమ్ లేదు, రీఛార్జ్ లేదు. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ పవర్‌తో ఇలా వాడుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. ఇది చదవకుండా చవగ్గా వస్తోందని నేను మొదట కొన్నది 433 మెగాహెర్ట్జ్ బోర్డు. అది ఇప్పుడు మా వాడి బొమ్మల్లో ఉంది. మీరు కొనేముందు ఈ ఒక్క అంకె చూసుకోండి, మిగతావన్నీ తర్వాత దిద్దుకోవచ్చు.

మా ఇల్లు విజయవాడ మొగల్రాజపురం. అక్కా బావా ఉండేది సింగ్‌నగర్. నేరుగా కొడితే అందలేదు, మధ్యలో అన్నీ మేడలే. అందుకని సత్యనారాయణపురంలో మా ఫ్రెండ్ అద్దెకున్న ఇంటి డాబా మీద మూడో పెట్టె పెట్టాం. ఆటోనగర్‌లో ఇనుప క్లాంపు చేయించి, పీవీసీ పైపుకి బిగించి, వాటర్ ట్యాంకు పక్కన నిలబెట్టాం. ఇంటి ఓనరు గారు చూసి రేడియేషన్ అన్నారు. ఆయన జేబులో ఉన్న ఫోన్ ఇంతకంటే ఎక్కువే వదులుతుందని చెప్తే, అది జేబులోది, ఇది నెత్తి మీదిది అన్నారు. చివరికి కరెంటుకని నెలకి యాభై రూపాయలకి ఒప్పుకున్నారు. అది నెలంతా తాగే కరెంటుకి ఐదు రూపాయలు కూడా కావని నాకు తెలుసు. ఆయనకీ తెలుసనుకుంటాను.

పెట్టడం సులువే, వాడించడమే కష్టం. కజిన్స్ దగ్గర దెబ్బ తిన్నాను కదా. ఈసారి అమ్మని పట్టుకున్నాను. మా అమ్మ రోజూ రాత్రి తొమ్మిదింటికి అక్కకి ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న "ఏం కూర?" ఆ ఒక్క ప్రశ్నా పెట్టె మీద పెట్టాను. రోజూ తొమ్మిదింటికి అక్క నుంచి కూర పేరు రావాలి, అమ్మ జవాబివ్వాలి. పదిహేను రోజులు బావ విసుక్కుంటూ కొట్టాడు. తర్వాత ఒకరోజు మెసేజ్ రాకపోతే అమ్మే "డబ్బా చూడరా" అంది. అప్పుడు నాకు నమ్మకం కుదిరింది.

ఇక్కడ ఒక ఫిర్యాదు. ఒక్కో మెసేజ్‌కి ఉండేదే సుమారు 200 బైట్లు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు తింటే తెలుగులో ప్రతి అక్షరం, ప్రతి గుణింతం, ప్రతి పొల్లూ మూడేసి బైట్లు. 'తిన్నారా' అని తెలుగులో కొడితే 24 బైట్లు. అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో 7. అంటే తెలుగువాడికి గాలిలో కూడా మూడో వంతే జాగా. అమ్మకి తెలుగు తప్ప చదవడం రాదు. అందుకే కూర పేర్లతోనే ఆగాం, లేకపోతే వంట చేసే పద్ధతి కూడా పంపించేది.

2024 ఆగస్టు 31 శనివారం. వాన గురించి మీకు తెలిసిందే. మా మొగల్రాజపురంలోనే కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడింది, మా దృష్టంతా అటే ఉంది. ఆదివారం పొద్దున లేచేసరికి ఊరంతా కృష్ణ వైపు చూస్తోంది, బ్యారేజీకి ఎంత వస్తోందని. మర్నాటికి అది 11.43 లక్షల క్యూసెక్కులైంది, పడవలు కొట్టుకొచ్చి గేట్లకి తగిలాయి. అందరూ ముందు గుమ్మం చూస్తుంటే బుడమేరు వాగు పెరటి గుమ్మంలోంచి వచ్చింది. గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది. దాన్ని బెజవాడ దుఃఖదాయని అని ఊరికే అనలేదు.

ఎనిమిదింటికి అక్కతో మాట్లాడాను, వీధిలోకి నీళ్ళొచ్చాయంది. తొమ్మిదిన్నరకి ఫోన్ కలవలేదు. బావదీ లేదు. అటువైపు ఎవరిదీ లేదు. అమ్మ ఏమీ అనకుండా పోయి పెట్టె ముందు కూర్చుంది. నాకు గుర్తే రాలేదు. నిజంగానే. ఇన్నేళ్ళు దాన్ని కూరల డబ్బా అనుకున్నాను.

11:20కి వచ్చింది. "నీళ్ళు 6 మెట్లు. పైన ఉన్నాం. 9 మంది." కింద అద్దెకున్న వాళ్ళనీ పైకి తెచ్చుకున్నారన్నమాట.

ఇన్వర్టర్ కింద ఉంది కాబట్టి పోయింది. పెట్టె ఇక సెల్స్ మీదే. వదిలేస్తే రెండు రోజులు కూడా రావు, పైగా మెసేజ్ కొట్టడానికి ఫోన్ కూడా బతికుండాలి. బావకి రెండు చెప్పాను. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి బ్లూటూత్ ఒక్కటే వెయ్యమన్నాను, లేని టవర్‌ని వెతుక్కుంటూ ఫోన్ బ్యాటరీ తాగేస్తుంది. పెట్టె మూడు గంటలకోసారి పది నిమిషాలే, మిగతా టైం స్విచ్ ఆఫ్. పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది. రైళ్ళ టైంటేబుల్ లాగా.

మధ్యాహ్నం మూడు నుంచి అది మా ఇంటి పెట్టె కాకుండా పోయింది. పక్క డాబాల వాళ్ళు బావకి గోడ మీద నుంచి అరిచి నంబర్లు చెప్పడం, బావ కొట్టడం, నేను ఇక్కడినుంచి ఫోన్లు చేసి "మీవాళ్ళు బాగానే ఉన్నారండీ, మేడ మీద ఉన్నారు" అని చెప్పడం. ఆ రెండు రోజుల్లో ముప్పైకి పైగా ఫోన్లు చేశాను. సగంమంది మొదట నమ్మలేదు, ఒకాయన నేను డబ్బులడుగుతానేమో అనుకున్నాడు.

సోమవారం తొమ్మిదింటికి వచ్చిన ఒక నంబరులో తొమ్మిది అంకెలే ఉన్నాయి. కింద వాటాలో ఉండే పెద్దావిడ కొడుకుది, చెన్నైలో ఉంటాడు. నేను తిరిగి అడిగేలోపు పెట్టె ఆగిపోయింది. మళ్ళీ పన్నెండింటికే. మూడు గంటలు ఏం చెయ్యాలి? కాగితం తీసుకుని లెక్కేశాను. ఎక్కడ పోయిందో తెలియని ఒక్క అంకె కోసం 91 నంబర్లు ప్రయత్నించాలి. వరసగా మొదలుపెట్టాను కూడా. నాలుగోవాడు తిట్టాడు, ఆపేశాను. పన్నెండింటికి బావ నుంచి వచ్చింది: "ఐదు రెండుసార్లు." ఆవిడ కంఠతా చెప్తూ "ఐదు, ఐదు" అంటే ఈయన తడబడిందనుకుని ఒకసారే కొట్టాడు. ఫోన్ మొదటి రింగుకే ఎత్తారు. విషయం చెప్పాక చాలాసేపు మాట రాలేదు. తర్వాత "షుగర్ ట్యాబ్లెట్లు ఉన్నాయా అడగండి" అన్నాడు. లేవు. మందుల పేర్లు ఆయన చెప్తే కొనుక్కుని సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గరికి పోయి, పడవల్లో పాలు, బిస్కెట్లు తీసుకెళ్తున్న కుర్రాళ్ళని బతిమాలి ఇచ్చాను. వీధి గుర్తులు కాగితం మీద రాసిచ్చాను. ఆరింటికి బావ "అందాయి" అన్నాడు.

ఆ చిన్న టిక్కు గుర్తు గురించి కూడా చెప్పాలి, చాలామంది మోసపోతారు. గ్రూపులో మెసేజ్ పంపాక టిక్కు పడితే నేను చదివినట్టు కాదు, దారిలో ఏదో ఒక పెట్టె దాన్ని అందుకుని మళ్ళీ పంపిందని మాత్రమే. సోమవారం రాత్రి బావ టిక్కు చూసి నాకు చేరిందనుకున్నాడు. సత్యనారాయణపురం పెట్టె తీసుకుంది, నా దాకా రాలేదు. అప్పటినుంచి ప్రతిదానికీ "సరే" అని జవాబు పెట్టాలని నియమం పెట్టుకున్నాం. రైల్వే వాళ్ళూ, పోలీసు వైర్‌లెస్ వాళ్ళూ ఎప్పటినుంచో చేసేది అదే, మనమే కొత్తగా కనిపెట్టినట్టు.

గొప్పలు చెప్పుకోవడం లేదు. నా పెట్టె వాళ్ళకి పడవ తీసుకురాలేదు. మూడో రోజు సాయంత్రం పడవ దానంతట అదే వచ్చింది, మా అక్కవాళ్ళు మిగతావాళ్ళతో పాటే బయటికొచ్చారు. ఫోటోలు పంపలేదు, గొంతు వినిపించలేదు, ఆ రేడియో వేగానికి అవి అయ్యే పనులు కావు. ఆ మూడు రోజులు మా అమ్మ అన్నం తింది, అంతే. పక్క వీధిలో నాలాగే బోర్డు కొన్నవాడొకడు ఉన్నాడని తర్వాత తెలిసింది. యాంటెన్నా బిగించకుండా పెట్టెతో సహా బీరువాలో ఉందట, కింది అరలో. మునిగింది.

2025 జూలైలో ట్విటర్ పెట్టినవాళ్ళలో ఒకడైన జాక్ డోర్సీ బిట్‌చాట్ అనే యాప్ విడుదల చేశాక, 'అన్నా, ఇక నీ డబ్బాలు ఎందుకు, ఫోన్ల బ్లూటూత్‌తోనే మెష్ వచ్చేసింది' అని నాకు పదిమంది పంపారు. వేసుకోండి, నేనూ వేసుకున్నాను. కానీ బ్లూటూత్ పది, ముప్పై మీటర్ల వ్యవహారం. మా ఇంటి నుంచి సింగ్‌నగర్ దాకా దారిపొడుగునా ప్రతి ముప్పై మీటర్లకీ అది వేసుకున్నవాడొకడు, ఛార్జింగ్ ఉన్న ఫోన్‌తో, మెలకువగా ఉండాలి. ఆ రోజుల్లో సింగ్‌నగర్‌లో ఛార్జింగ్ ఉన్న ఫోన్ చూపించండి చూద్దాం.

లోరా పెట్టెలు పెట్టేవాళ్ళు ఒకటి మర్చిపోకండి: డబ్బాతో వచ్చే ఛానల్ తాళం, అంటే మెసేజ్‌లని ఇతరులు చదవకుండా దాచే కీ, లోకం మొత్తానికి తెలిసినదే. మొదటి రోజే మార్చుకోండి, లేకపోతే మీ కూరలు అందరూ చదువుతారు.

సెల్స్ ఈమధ్యే మార్చాను. సింగ్‌నగర్ పెట్టెకి చిన్న సోలార్ ప్యానెల్ కూడా పెట్టాం. నిన్న రాత్రి తొమ్మిదింటికి 'బెండకాయ వేపుడు' వచ్చింది. సత్యనారాయణపురం ఓనరు గారు యాభై రూపాయలు తీసుకోవడం మానేశారు. బదులుగా ఆయనకీ ఒక పెట్టె కావాలట, గుంటూరులో ఉన్న కూతురికి పెట్టడానికి. గుంటూరు ముప్పై పైచిలుకు కిలోమీటర్లండీ, మధ్యలో కొండెక్కి ఇంకో పెట్టె పెడితే తప్ప అందదు అని ఎంత చెప్పినా వినడం లేదు. "మీ బావగారికి వచ్చింది కదా" అంటారు.